ఇనుమున్న రాజులు రాలేదు

బస్తర్‌లోని జగదల్‌పూర్ దసరాలో రావణుడి ఊసే ఉండదు. డెబ్బై అయిదు రోజుల పండుగ అది, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. చివరి రోజుల్లో ఒక దొంగతనం జరుగుతుంది. విజయదశమి రాత్రి అమ్మవారి ఛత్రంతో ఊరేగిన ఎనిమిది చక్రాల రథాన్ని మాడియా ఆదివాసులు లాక్కుపోయి, ఊరవతల కుమ్‌డాకోట్‌లో దాచేస్తారు. మర్నాడు రాజు అక్కడికి తానే వెళ్ళాలి. వాళ్ళతో కూర్చుని కొత్త బియ్యపు అన్నం తినాలి. అప్పుడుగాని రథం వెనక్కి రాదు. లాక్కుపోయే రోజును భీతర్ రైని అంటారు, తెచ్చుకునే రోజును బాహర్ రైని అంటారు.

ఆ తరువాత ముడియా దర్బారు. పరగణాల పెద్దలైన మాంఝీలు, చాల్కీలు తమ ఊళ్ళ గోడు వినిపిస్తారు. 1876లో మొదలైన ఈ దర్బారులో ఒకప్పుడు రాజు వినేవాడు, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి వింటాడు. విన్నవాడు ఏం చేస్తాడన్నది వేరే సంగతి.

దీన్ని పండుగ ముచ్చటగా రాసి ఊరుకోవచ్చు. నాకైతే ఇందులో ఒక ఒడంబడిక కనిపిస్తుంది. రథం చేసే వడ్రంగులది ఒక ఊరు, లాగేవాళ్ళది ఇంకొకటి. హల్బీ, భత్రీ, గోండీ, దోర్లీ, తెలుగు ఇలా ఎవరి మాట వారిది. ఎవరి దేవత పల్లకీ వారిది. ఇన్ని ఊళ్ళు ఒక రాజు కిందికి వస్తున్నప్పుడు, అలిగి రథం ఎత్తుకుపోయే హక్కు తమ దగ్గరే ఉంచుకున్నాయి. అలక తీర్చడానికి కదలాల్సింది రాజే, ఊళ్ళు కావు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇదే నేల చుట్టుపక్కల 1947లో ఇంకో కలయిక జరిగింది. అందులో పండుగ లేదు, ఊళ్ళు లేవు, అలిగే హక్కూ లేదు. దాని పేరు ఈస్టర్న్ స్టేట్స్ యూనియన్. ఐదు నెలలు బతికింది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి ఒక్క వాక్యం కూడా దక్కినట్టు లేదు.

ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లోని నలభైకి పైగా సంస్థానాలను బ్రిటిష్ ప్రభుత్వం 1933లో ఈస్టర్న్ స్టేట్స్ ఏజెన్సీ పేరుతో ఒక గొడుగు కిందికి తెచ్చింది. అంతకు ముందు వాళ్ళందరినీ కలిపిన ఉమ్మడి పాలన అంటూ లేదు. పద్నాలుగేళ్ళు ఒకే దొర దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాక, ఆ దొర వెళ్ళిపోతున్నాడని తేలింది. అప్పుడు వాళ్ళకొక ఆలోచన వచ్చింది. విడివిడిగా ఉంటే పక్క రాష్ట్రాలు మింగేస్తాయి. కలిసి ఉంటే ఒక రాష్ట్రమంత అవుతాం. 1947 ఆగస్టు 1న యూనియన్ పని మొదలుపెట్టింది. దానికి సొంతంగా ఒక రాజ్యాంగం, ఒక ప్రధానమంత్రి, ఒక ప్రధాన కార్యదర్శి. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. ఆగస్టు 15తో బ్రిటిష్ సార్వభౌమత్వం తొలగిపోతే, చట్టం ప్రకారం ప్రతి సంస్థానమూ తన దారి తాను చూసుకోవచ్చు. అంటే ఆ లెక్కన అది దాదాపు దేశాల యూనియనే.

అందులో రెండు పెద్ద సంస్థానాలు మాత్రం చేరలేదు. ఒకటి మయూర్‌భంజ్, రెండోది బస్తర్.

బస్తర్ విస్తీర్ణం సుమారు 13 వేల చదరపు మైళ్ళు. బెల్జియం దేశం దానికంటే చిన్నది. ఛత్తీస్‌గఢ్ సంస్థానాల్లోనే మరో మూలన ఉన్న శక్తి చూడండి, 138 చదరపు మైళ్ళు. పేరుకే శక్తి. విస్తీర్ణంలో ఇంచుమించు మాల్టా దేశమంత. బెల్జియం కంటే పెద్దదాన్నీ మాల్టా అంతదాన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే ఎవరి ఓటు ఎంత? ప్రతివాడికీ ఒక ఓటంటే పెద్దవాడు రాడు. నేలను బట్టి, జనాన్ని బట్టి ఓటంటే చిన్నవాడికి భయం. దేశాలన్నీ కలిసే ఏ యూనియన్‌లోనైనా రాజకీయమంతా ఈ పీటముడి దగ్గరే మొదలవుతుంది.

యూరప్ వాళ్ళు ఈ ముడిని పూర్తిగా విప్పలేదు, వదులు చేసుకున్నారు. యూరోపియన్ పార్లమెంటులో జర్మనీకి 96 మంది సభ్యులు, మాల్టాకు ఆరుగురు. జనాభా లెక్కన చూస్తే మాల్టాకు ఒక్కరు కూడా రావడం కష్టమే. ఇక మంత్రుల మండలిలో చాలా విషయాలకు రెండు లెక్కలు కుదరాలి. దేశాల్లో నూటికి యాభై అయిదు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్న దేశాల్లో మొత్తం జనాభాలో నూటికి అరవై అయిదు మంది ఉండాలి. పన్నులు, విదేశాంగ విధానం లాంటి వాటిలో మాత్రం ఇప్పటికీ ఒక్క దేశం అడ్డం తిరిగితే పని ఆగిపోతుంది. అందుకే బ్రస్సెల్స్‌లో సమావేశాలు తెల్లవారుజాము దాకా సాగుతాయి. తగవు తీరేది ఓటింగుతో కంటే ఓపికతోనే ఎక్కువ. మన పల్లెల్లో అన్నదమ్ముల పంపకాలు చూసినవారికి ఇదేం కొత్త కాదు.

అసలు తేడా ఓట్ల లెక్కలో లేదు. యూరప్ వాళ్ళు దేనితో మొదలుపెట్టారో అక్కడుంది. 1951లో పారిస్‌లో ఆరు దేశాలు చేసుకున్న మొదటి ఒప్పందం బొగ్గూ ఉక్కుల గురించి. ఫ్రాన్స్, జర్మనీ ఒకదాన్నొకటి కొట్టుకోవడానికి వాడుకున్న సరుకునే ఉమ్మడి అజమాయిషీ కిందికి తెచ్చారు. జెండా, పాట, డబ్బు, పార్లమెంటుకు నేరుగా ఎన్నికలు, అన్నీ తరువాతి మాటలు. ముందు ఇనుము.

ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. రాజ్యాంగం ముందు వచ్చింది, ఇనుమున్నవాళ్ళు రాలేదు. జంషెడ్‌పూర్‌లో టాటాల కొలిమికి తొలి రోజుల్లో ఖనిజం అందించింది మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాణి గనులు. బస్తర్‌లో బైలడిల్లా కొండలున్నాయి. ఎద్దు మూపురంలా ఉంటాయని ఆ పేరు. ఆ కొండల్లో ఎంత ఇనుముందో తెలిసినవాళ్ళకు అప్పటికే తెలుసు. నిజానికి ఇనుము ఈ రెండు చోట్లే లేదు, కేవంఝర్‌లోనూ ఉంది. కాబట్టి ఇనుము వల్లనే రాలేదని తేల్చి చెప్పలేను. కాకపోతే ఒకటి స్పష్టం. ఒంటరిగా నిలబడగలిగే నేల, ఆదాయం ఉన్నవాళ్ళు బయట ఉండిపోయారు. ఒంటరిగా పోలీసు ఠాణా నడపడానికే తడుముకునేవాళ్ళంతా లోపల చేరారు. నార్వే, స్విట్జర్లాండ్ యూరప్ యూనియన్‌లో ఎందుకు చేరలేదని అడిగితే ఇంచుమించు ఇదే జవాబు వస్తుంది. ఉన్నవాడికి ఉమ్మడి మీద మోజు తక్కువ.

ఆనాటి బస్తర్ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌కు 1947లో పద్దెనిమిదేళ్ళు. తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి 1936లో లండన్‌లో చనిపోతే, ఏడేళ్ళ వయసులో గద్దె మీద కూర్చోబెట్టారు. తండ్రిది మయూర్‌భంజ్ రాజకుటుంబం, అదే బయట ఉండిపోయిన రెండో సంస్థానం. తల్లి వైపు వంశకథ మనకు ఇంకా దగ్గరిది. 1323లో ఓరుగల్లు పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఆ వంశం చెప్పుకుంటుంది. ప్రవీర్ తన పేరు చివర కాకతీయ అని రాసుకునేవాడు. ఆ లెక్కన రథం కోసం కుమ్‌డాకోట్ వెళ్ళి మాడియాలతో అన్నం తినేది మన ఓరుగల్లు వారసులే.

ఆ కుర్రరాజు చుట్టూ అప్పుడు చాలామంది మూగారు. హైదరాబాద్ నిజాం ప్రభుత్వం కన్ను బైలడిల్లా మీద ఉంది. వెళ్ళిపోతున్న బ్రిటిష్ పొలిటికల్ డిపార్ట్‌మెంటు ద్వారా బస్తర్ ఖనిజాల లీజు కోసం మంతనాలు జరిగాయి. ఈ కబురు విన్న సర్దార్ పటేల్ ఉలిక్కిపడ్డారు. హైదరాబాద్ భారత్‌లో కలుస్తుందో లేదో తేలని రోజులవి. దాని చేతికి బస్తర్ ఇనుము పోతే కథ ఎక్కడికి పోయేదో ఊహించుకోవచ్చు.

పటేల్‌కు యూనియన్ మీద ఏ భ్రమలూ లేవు. ఆయన కార్యదర్శి వి.పి. మీనన్ దగ్గర లెక్కలున్నాయి. చేరినప్పుడు ప్రతి రాజూ తన గద్దె, తన ఖజానా, తన మాట చెల్లే హద్దు తన దగ్గరే ఉంచుకున్నాడు. యూనియన్ చేతికి పెద్దగా అధికారమేదీ రాలేదు. ప్రజలను ఎవరూ అడగలేదు. అప్పటికే ధెన్కనాల్ లాంటి చోట్ల ప్రజామండలాలు రాజుల మీద తిరగబడి దాదాపు పదేళ్ళవుతోంది. 1947 నవంబరులో నీలగిరి సంస్థానం అల్లర్లతో అట్టుడికితే, వెళ్ళి పాలన చేతిలోకి తీసుకున్నది కటక్‌లోని ఒడిశా ప్రభుత్వం, ఢిల్లీ మాట మీద. సంస్థానాలన్నిటికీ ఆ రోజే తెలిసిపోయింది, ఆపదలో తలుపు కొట్టాల్సిన ఇల్లు ఏదో.

డిసెంబరు నడిమికి పటేల్ కటక్‌లో దిగారు. ఒడిశా రాజులతో మాట్లాడి సంతకాలు తీసుకున్నారు. 15న నాగపూర్‌లో ఛత్తీస్‌గఢ్ రాజుల వంతు. బేరం సూటిగా ఉంది. రాజ్యం ఇచ్చేయండి, భరణం తీసుకోండి. వార్షిక ఆదాయంలో మొదటి లక్ష మీద నూటికి 15, తరువాతి నాలుగు లక్షల మీద నూటికి 10, ఆపైన ఏడున్నర. ఎంత పెద్ద రాజుకైనా పది లక్షలు మించదు. ఈ లెక్క పేరే ఈస్టర్న్ స్టేట్స్ సూత్రం. యూనియన్ మాయమైంది గాని పేరు మాత్రం రాజభరణాల లెక్కల్లో అలా మిగిలిపోయింది. 1948 జనవరి 1న ఛత్తీస్‌గఢ్ సంస్థానాలు పద్నాలుగూ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిశాయి. చేరిన శక్తి, చేరని బస్తర్ ఒకే రోజు, ఒకే గీత మీద. మయూర్‌భంజ్ ఇంకో ఏడాది నిలబడి 1949 జనవరి 1న ఒడిశాలో కలిసింది.

1948 జనవరి 1 అందరికీ ఒకేలా తెల్లవారలేదు. తమ సంస్థానాన్ని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించి ఖర్సావాన్ సంతలో గుమిగూడిన ఆదివాసుల మీద ఆ రోజు పోలీసులు కాల్పులు జరిపారు. చాలామంది చనిపోయారు. ఆ తరువాత ఖర్సావాన్, సరాయికేలా బీహార్‌కు మారాయి. రాజుల సంతకాలను కటక్‌లో, నాగపూర్‌లో గదుల్లో కూర్చుని తీసుకున్నారు, బయట సంతలో ఉన్నవాళ్ళను అడగకుండానే.

రాజులు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఒడిశా మాజీ రాజులు గణతంత్ర పరిషత్ అనే పార్టీ పెట్టుకుని బ్యాలెట్ పెట్టె దగ్గరికి వచ్చారు. ఒడిశాలోని పట్నా సంస్థానం రాజు ఆర్.ఎన్. సింగ్‌దేవ్ 1967లో ఒడిశా ముఖ్యమంత్రే అయ్యాడు. యూనియన్‌లో సాధించలేనిది ఓటుతో సాధించారు. బస్తర్‌లో ప్రవీర్ దారి వేరు. 1957లో కాంగ్రెస్ తరఫున శాసనసభకు గెలిచాడు, తరువాత రాజీనామా చేశాడు. 1961లో ప్రభుత్వం అతని రాజహోదా తీసేసి తమ్ముడు విజయ్‌చంద్రకు ఇచ్చింది. ఆదివాసులు ఆ మార్పును లెక్క చేయలేదు. లోహండిగూడాలో కాల్పులు జరిగాయి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజమహలులోనే పోలీసు కాల్పుల్లో ప్రవీర్ చనిపోయాడు. రథం ఎత్తుకుపోతే బతిమాలి తెచ్చుకోవడం రాజుకు తెలుసు. కొత్త ప్రభుత్వానికి ఆ ఆచారం ఎవరూ నేర్పలేదు.

బైలడిల్లా ఇనుము చివరికి ఎవరిది అయింది? 1960ల చివర కిరందుల్ నుంచి తూర్పు కనుమలు దిగి కొత్తవలస దాకా రైలు మార్గం వేశారు. ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ తవ్విన ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్ ఓడల్లోకి వెళ్ళింది. ఆనాడు ఏ యూనియనూ పంచుకోలేనిది ఇప్పుడు గూడ్సు బండిలో మన అరకు సొరంగాల గుండా పోతుంది.

ఈ నేల మీద రాష్ట్రాల తగవు ఇప్పుడు నీళ్ళకు మారింది. బస్తర్ దక్షిణపు కొసన, శబరి ఒడ్డున కుంట ఉంది. అవతల మన చింతూరు మండలం. గోదావరి మీది పోలవరం జలాశయం నిండుగా నిలిస్తే వెనక్కి తన్నే నీరు శబరి వెంట కుంట దాకా వస్తుందన్నది ఇక్కడివారి భయం. పోలవరానికి 150 అడుగుల మట్టం ఖరారు చేసిన గోదావరి ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది. అప్పుడు చర్చల బల్ల దగ్గర కూర్చుని సంతకం చేసింది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ విడిపోయింది. సంతకం పెట్టిన రాష్ట్రానికి ఇప్పుడు ఇక్కడ చదరపు గజం కూడా లేదు. మునిగే భయమున్న రాష్ట్రం ఆ సంతకం నాటికి పుట్టనే లేదు. 2011లో ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకెక్కింది. అప్పటికే ఒడిశా అక్కడుంది.

కుంట సంతలో దోర్లా ఆదివాసులు మాట్లాడుకునేది చాలావరకు మనకు అర్థమవుతుంది. కట్ట ఎత్తు గురించీ, ఈసారి ఏరు ఎక్కడి దాకా వస్తుందన్న దాని గురించీ వాళ్ళు అడిగే ప్రశ్న చింతూరువాళ్ళు అడిగేదే. అడగాల్సిన కలెక్టరేటు మాత్రం వీళ్ళకు సుక్మాలో, వాళ్ళకు నది అవతలి తమ రాష్ట్రంలో. దసరాకు ఈ పరగణా మాంఝీ జగదల్‌పూర్ వెళ్తే, ముడియా దర్బారులో ముఖ్యమంత్రి ముందు ఈ మాట చెప్పుకోవచ్చు. ఆయన విని, ఢిల్లీకి రాయిస్తానంటాడు.