కాల్డ్వెల్ బిషప్పు: తెలుఁగు వంశనిర్ణయము

ఆంధ్రభాష సంస్కృతప్రాకృతములకు వికృతి యని ప్రాచీనలాక్షణికులు కొందఱు నిర్ణయించిరి. ఈ మతమును సవిస్తరముగాఁ బరీక్షించినవారిలో ముఖ్యుఁడు ఆంగ్లికను సభకుఁ జెందిన రాబర్టు కాల్డ్వెల్.

ఇతఁడు 1814లో ఐర్లండున జన్మించెను. 1838లో లండను మిషనరీ సంఘము పక్షమునఁ జెన్నపురికి వచ్చెను. 1841లో ఆంగ్లికను సభయందు గురుపట్టముఁ బొంది, తిరునెల్వేలి సీమలోని ఇడైయన్‌గుడి యను పల్లెయందు నివాస మేర్పఱచుకొనెను. 1877లో మదరాసు బిషప్పునకు సహాయబిషప్పుగా నభిషిక్తుఁడై, 1891లో కొడైకానలున మృతినొందెను.

ఇతని కీర్తికి ముఖ్యహేతువు 1856లో వెలువడిన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము. తెలుఁగు సంస్కృతజన్యము గాదని 1816లోనే ఎల్లిసు దొర ప్రతిపాదించియుండెను. కాల్డ్వెల్ దానిని తమిళ కర్ణాట మలయాళ తుళు భాషలతోఁ బోల్చి విస్తరించెను. అతని యుక్తులలో నొకటి విభక్తులకు సంబంధించినది. సంస్కృతమున వృక్షాయ, వృక్షేభ్యః అని వచనభేదముచేఁ బ్రత్యయమే మాఱును. తెలుఁగున చెట్టునకు, చెట్లకు అనుచోట బహువచనమున లకారము చేరునే కాని 'కు' మాఱదు. తమిళమున మరత్తుక్కు, మరంగళుక్కు అనుటయు నీ రీతిదే. తత్సమము లెన్ని చేరినను ఈ కట్టడి చెడలేదు.

ద్రావిడభాషలను సిథియను భాషలతో ముడివెట్టిన యతని యూహను బిమ్మటివా రంగీకరింపలేదు. ద్రావిడకుటుంబము ప్రత్యేక మనునది మాత్రము నిలిచినది. ఇందువలనఁ దెలుఁగునకు సంస్కృతఋణము లేదని యర్థము గాదు. తత్సమములను సాధించుటకుఁ బాణినీయమును, విభక్తుల స్వరూప మెఱుఁగుటకు సోదరభాషలను ఆశ్రయింపవలెనని తేలుచున్నది.