పాలు పడని పిల్లలకు ఇంట్లోనే వెన్న రుచి బిస్కెట్లు

“సిస్టర్ గారూ, వెన్న బదులు నెయ్యి వేస్తే పర్వాలేదు కదా?” పాలు పడని పిల్లల తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మీ బిడ్డకు ఉన్న ఇబ్బంది ఏ రకమైనదో దానిని బట్టి జవాబు ఉంటుంది.

రెండూ ఒకటి కావు

పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడం మొదటి రకం. కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు వస్తాయి. బాధే గాని ప్రాణాపాయం కాదు. నెయ్యిలో లాక్టోజ్ బహు స్వల్పం కనుక వీరిలో చాలామందికి నెయ్యి సరిపడుతుంది.

రెండవది పాల ఎలర్జీ. పాలలోని మాంసకృత్తులకు శరీరం ఎదురు తిరుగుతుంది. దద్దుర్లు, వాంతులు, ముఖం వాపు, ఆయాసం రావచ్చు. నెయ్యి ఎంత బాగా కాచినా ఈ మాంసకృత్తులు కొద్దిగా మిగిలి ఉండవచ్చు. అందుచేత ఎలర్జీ ఉన్న బిడ్డకు నెయ్యి క్షేమం కాదు. గేదె పాలు, మేక పాలు కూడా ఇలాంటి పిల్లల్లో చాలామందికి పడవు. “కొంచెం పెట్టి చూద్దాం” అని ఇంట్లో పరీక్షలు చేయవద్దు. ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా, బిడ్డ సోలిపోయినా వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి.

ఈ రెండు రకాల వారూ తినగలిగే బిస్కెట్లను ఇంట్లోనే చేసుకోవచ్చు.

కావలసినవి

మైదా 150 గ్రాములు, శనగపిండి 2 పెద్ద చెంచాలు, పంచదార పొడి 60 గ్రాములు, వంటకు వాడే కొబ్బరినూనె 90 గ్రాములు, బేకింగ్ పౌడర్ పావు చిన్న చెంచా, యాలకుల పొడి అర చిన్న చెంచా, ఉప్పు చిటికెడు, అవసరమైతే ఒకటి రెండు చెంచాల కొబ్బరిపాలు. మైదాలో సగం గోధుమపిండి కలుపుకోవచ్చు.

చేసే విధానం

శనగపిండిని నూనె లేకుండా సన్నని సెగమీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించి చల్లార్చండి. వెన్న బిస్కెట్ల రంగు, కమ్మదనం కొంతవరకు దీని నుండే వస్తాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండల్లో అది నీళ్ళలా ఉంటుంది కనుక, పేరిన నెయ్యిలా అయ్యేవరకు ఫ్రిజ్‌లో ఉంచండి.

నూనెలో పంచదార పొడి వేసి తెల్లబడేలా గిలకొట్టండి. మిగిలినవన్నీ జల్లించి కలపండి. చపాతీ పిండిలా పిసకవద్దు, బిస్కెట్లు గట్టిపడతాయి. ముద్ద కాకపోతేనే కొబ్బరిపాలు చిలకరించండి. చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, కొద్దిగా అదిమి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

ఓవెన్ ఉంటే ముందుగా వేడిచేసి 170 డిగ్రీల దగ్గర 15 నుండి 18 నిమిషాలు కాల్చండి. లేకపోతే మందపాటి గిన్నెలో అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతవేసి 10 నిమిషాలు వేడిచేయండి. పళ్ళెం లోపల ఉంచి సన్నని సెగమీద 20 నుండి 25 నిమిషాలు కాల్చండి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే దించండి. వేడిమీద మెత్తగా ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. గాలి చొరని డబ్బాలో వారం రోజులు నిలువ ఉంటాయి.

జాగ్రత్తలు

నెయ్యి రాసిన పళ్ళెం, వెన్న తీసిన చెంచా అలాగే వాడవద్దు. సబ్బుతో బాగా కడగండి. మార్జరిన్ కొంటే పాకెట్టు వెనుక చదవండి. పాలపొడి, వే, కేసిన్, పాల ఘనపదార్థాలు అని ఉంటే అందులో పాలు ఉన్నట్లే. గోధుమ గాని, శనగ గాని, కొబ్బరి గాని పడని పిల్లలకు ఇవి పనికిరావు.

పాలు లేవు కదా అని వీటిని బలమైన ఆహారం అనుకోవద్దు. చక్కెర, కొవ్వు ఉన్నాయి. మధుమేహం, గుండెజబ్బు ఉన్న పెద్దలు వీటికి దూరంగా ఉండటమే మంచిది. డాక్టరు గారు చెప్పకుండా పిల్లలకు పాలు మాన్పించవద్దు. మాన్పించవలసి వస్తే రాగులు, నువ్వులు, ఆకుకూరల వంటివి ఎంత ఇవ్వాలో అడిగి తెలుసుకోండి.

చివరిగా ఒక మాట. పుట్టినరోజుకు, పండుగకు చేసినప్పుడు ఆ ఒక్క బిడ్డకు విడిగా నాలుగు చేయకండి. ఇంట్లో పిల్లలందరికీ ఇవే చేయండి. పక్కవాడి పళ్ళెంలో ఉన్నదే తన పళ్ళెంలోనూ ఉంటే, ఆ బిడ్డ మరొకరి దగ్గర చేయి చాచవలసిన అవసరం ఉండదు.