తూటా కన్నా ముందు ఆకురాయి

కౌబాయ్ సినిమాల్లో మనం చూసిన పాతకాలపు రివాల్వర్‌ని కొనుక్కున్న మనిషి చేతికి తగ్గట్టు సవరించి ఇచ్చే పనివాళ్లు, అంటే గన్‌స్మిత్‌లు, అమెరికాలో ఉన్నారు. వాళ్ల పనితనం గోపాలపట్నం ఫిట్టర్లకు కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ లైసెన్స్ లేకుండా ఆ పనికి పూనుకుంటే జైలే!

విశాఖలో ఆయుధాలకు కొదవ లేదు. గోపాలపట్నం వెళ్లే దారిలో ఎన్ఏడీ జంక్షన్‌కి ఆ పేరు పెట్టింది నేవీ ఆయుధ డిపోని బట్టే. అక్కడికి దగ్గర్లోనే 1969లో మొదలైన నౌకాదళ పరిశోధనాలయం ఎన్ఎస్‌టీఎల్‌లో టార్పెడోలు రూపొందిస్తారు. 'వరుణాస్త్రం' రూపుదిద్దుకుంది అందులోనే. అయినా ఈ చుట్టుపక్కల నడివయసు మగాళ్లని తుపాకీ గురించి కదిపి చూడండి. టార్పెడో ఊసు ఎత్తరు, హీరో కృష్ణ ఊసు ఎత్తుతారు.

1971 ఆగస్టు 27న వచ్చింది ఆయన 'మోసగాళ్లకు మోసగాడు'. పద్మాలయా వారి సినిమా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు దౌడు తీయించి, నడుముకి తోలు పట్టీ కట్టించి, తెలుగువాడి చేతిలో సింగిల్ యాక్షన్ రివాల్వర్ పెట్టేశారు. 1990లో 'కొదమసింహం'తో చిరంజీవి, 2002లో 'టక్కరిదొంగ'తో మహేశ్‌బాబు అదే దారి పట్టారు. కృష్ణ పోయాక వచ్చిన తొలి పుట్టినరోజుకి, 2023 మే 31న, పాత సినిమాని 4కెలో మళ్లీ విడుదల చేస్తే థియేటర్లలో ఈలలు ఆగలేదు.

ఈ సినిమాలన్నిటికీ తాత లాంటిది 1966 నాటి ఇటాలియన్ సినిమా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ పిస్తోలు పిడి మీద వెండి పాము మెలికలు తిరిగి ఉంటుంది. మన కథకి కావలసింది మాత్రం ఎలై వాలక్ తుపాకుల దుకాణంలోకి దూరే ఘట్టం. బల్ల మీద పరిచిన రివాల్వర్లన్నీ విప్పేస్తాడు. ఒకదాని గొట్టం తీసి కంటికి ఆనించి చూస్తాడు, ఇంకోదాని సిలిండర్ చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చప్పుడు వింటాడు. తనకి నచ్చిన ముక్కలన్నీ ఏరి, కూర్చి, ఒక్క తుపాకీ చేసుకుంటాడు. సినిమాలో అద్భుతంగా ఉంటుంది. నిజంగా మాత్రం ఒక కంపెనీ సిలిండర్ ఇంకో కంపెనీ చట్రంలో కూర్చోదు. ఒకే కంపెనీవైనా ఒకదాని భాగం ఇంకోదాంట్లో పెడితే మళ్లీ కొలిచి సరిచేయాల్సిందే. అయితే చెవి పెట్టి వినడం మాత్రం అబద్ధం కాదు.

నాలుగు క్లిక్కులు

1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ ఈ జాతికి మూలపురుషుడు. ఆరు తూటాలు, .45 కొలత. అశ్వికదళానికిచ్చిన వాటి గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు. దీంట్లో ట్రిగ్గర్‌కి ఉన్నది ఒక్కటే పని, ఎత్తిన హ్యామర్‌ని (తూటాని కొట్టే సుత్తిని) వదిలేయడం. మిగతాదంతా బొటనవేలు చేయాలి. హ్యామర్‌ని వెనక్కి లాగుతుంటే లోపల ఒక చిన్న కొక్కెం సిలిండర్‌ని ఆరో వంతు తిప్పుతుంది. సరిగ్గా తూటా గొట్టానికి ఎదురుగా వచ్చే వేళకి కింది నుంచి బోల్ట్ అనే చిన్న ఉక్కు నాలుక లేచి సిలిండర్ గాడిలో పడుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో నాలుగు క్లిక్కులు వినిపిస్తాయి. మొదటిది భద్రత గాడి, రెండోది సగం ఎత్తు, మూడోది బోల్ట్ లేచిన చప్పుడు, నాలుగోది హ్యామర్ పూర్తిగా నిలిచిన చప్పుడు.

అనుభవమున్న గన్‌స్మిత్ ఆ మూడో క్లిక్కుని బట్టే సగం రోగం చెప్పేస్తాడు. బోల్ట్ తొందరపడి లేస్తే సిలిండర్ చుట్టూ ఉంగరంలా ఒక గీత పడుతుంది. ఆలస్యమైతే సిలిండర్ గాడిని దాటిపోతుంది. పాత రివాల్వర్ కొనేవాళ్లు ముందు ఆ గీత కోసమే చూస్తారు. సినిమా హీరో అరచేత్తో హ్యామర్‌ని టపటపా కొట్టి ఆరు తూటాలూ పేలుస్తాడు చూడండి, అది చూస్తే గన్‌స్మిత్‌లకి ఒళ్లు మండుతుంది. బోల్ట్, సిలిండర్ గాడులు అరిగిపోయేది అక్కడే మరి.

భద్రత గాడి పేరు విని మోసపోకూడదు. పాత పద్ధతి కోల్ట్‌లో హ్యామర్ మొన నేరుగా తూటా మీదే ఆనుతుంది. కింద పడితే పేలే ప్రమాదం ఉంది. అందుకే తెలిసినవాళ్లు ఆరు గదుల్లో ఐదే నింపి, ఖాళీ గది మీద హ్యామర్ దించి పెట్టుకుంటారు. రూగర్ సంస్థ 1953లో విరిగే పలక స్ప్రింగుల బదులు గట్టి తీగచుట్ట స్ప్రింగులతో ఇదే తరహా రివాల్వర్ తెచ్చింది. 1973లో హ్యామర్‌కీ తూటాకీ మధ్య, ట్రిగ్గర్ నొక్కితేనే లేచే ఉక్కు పలక పెట్టి ఈ ప్రమాదాన్ని తప్పించింది. ఈరోజు సవరణకి వచ్చేవాటిలో రూగర్‌లకి పెద్ద వాటా ఉండడానికి ఆ గట్టిదనమే కారణం.

పురుషుడు, స్త్రీ, వెలుతురు

కంచరపాలెం పాత ఐటీఐలో గానీ ఇంకెక్కడైనా గానీ ఫిట్టర్ ట్రేడ్ చదివినవాళ్లకి మొదటి నెలలు గుర్తుండే ఉంటాయి. వైస్‌లో మైల్డ్ స్టీల్ ముక్క బిగించి ఆకురాయి పట్టడం, ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకి ఎదురుగా ఎత్తి చూడటం, సన్నటి గీతలా వెలుగు దూరితే మళ్లీ రాయడం. తర్వాత మేల్-ఫిమేల్ ఫిట్టింగ్. ఒక ముక్క ఇంకోదాని గాడిలో ఎటు తిప్పి పెట్టినా బిగుతుగా, సాఫీగా కూర్చోవాలి. నీలం రంగు పూసి, నొక్కి, రంగు అంటిన చోటే రాస్తారు. లోకో షెడ్డుకీ షిప్‌యార్డుకీ స్టీల్‌ప్లాంటుకీ వెళ్లిన తరాల చేతులు అక్కడే పదునుపడ్డాయి. అమెరికాలో గన్‌స్మిత్ బల్ల మీద జరిగేదీ ఇదే. అక్కడ ముక్కలు చిన్నవి, కొలతలు ఇంకా సన్నవి.

సిలిండర్ ముఖానికీ గొట్టం వెనక అంచుకీ మధ్య సందు తీసుకోండి. మంచి పనివాడు దాన్ని 0.1 మిల్లీమీటరు లోపే, అంటే జెరాక్స్ కాగితం మందమంత ఉంచుతాడు. ఫీలర్ గేజ్ దూర్చి ఆరు గదుల దగ్గరా కొలుస్తాడు. ఎక్కువైతే వేడి వాయువు పక్కలకి చిమ్మి బలం పోతుంది. మరీ తక్కువైతే నాలుగు రౌండ్లు కాల్చేసరికి మసి పట్టి సిలిండర్ తిరగనంటుంది.

ఆ తర్వాత గదుల నోళ్లు. రూగర్ .45 రివాల్వర్లలో చాలావాటికి ఆ నోళ్లు తూటా కన్నా ఇరుకుగా వచ్చేవి. సీసం తూటా అక్కడ నలిగి, గొట్టంలోకి వచ్చేసరికి వదులై, లోపల సీసం పూత పేరుకునేది. గన్‌స్మిత్ రీమర్‌తో ఆరింటినీ 0.4525 అంగుళానికి తెస్తాడు. కంటికి కనపడని తేడా, గురిలో మాత్రం తెలిసిపోతుంది.

ముందు గురి ముల్లు సంగతి ఇంకోటి. కదిలే గురి లేని కోల్ట్‌లో ఈ ముల్లుని కావాలనే ఎత్తుగా ఉంచుతారు. కొనుక్కున్నవాడు ఏ బరువు తూటా వాడతాడు, ఎంత దూరానికి కాలుస్తాడు, ఎలా పట్టుకుంటాడు అని అడిగి, కాల్చి చూసి, కొంచెం కొంచెంగా ఆకురాయి పడతారు. ముల్లు తగ్గేకొద్దీ దెబ్బ పైకి లేస్తుంది. ఒక రాపిడి ఎక్కువైతే లోహాన్ని తిరిగి పెట్టలేరు, ముల్లే మార్చాలి. ఎడమ కుడి తేడా ఉంటే గొట్టాన్నే ఆవగింజంత తిప్పుతారు.

ట్రిగ్గర్ పని గురించి మాత్రం ఇక్కడ లోతుగా వెళ్లను. హ్యామర్ గాట్లో నిలిచే ట్రిగ్గర్ ముక్కు చాలా సన్నం. దాని పైపొర మాత్రమే గట్టి. రాయి ఎక్కువ పడితే ఆ పొర పోయి, మెత్తటి ఉక్కు బయటపడి, తుపాకీ తనంతట తానే పేలే స్థితికి వస్తుంది. ఇంటి గరాజ్‌లో ఈ పనికి దిగే అమెరికన్లు తక్కువేమీ లేరు. వాళ్లు పాడుచేసినవి బాగుచేయడం గన్‌స్మిత్‌లకి వేరే ఆదాయం.

ఐదో నంబరు

ఈ సవరణల పిచ్చికి మూలం ఒక ప్రమాదం. ఎల్మర్ కీత్ అని ఇడాహో పశువుల కాపరి, వేటగాడు, రచయిత. 1925 జులై 4న స్వాతంత్ర్య దినోత్సవం సంబరంలో తన .45 కోల్ట్ పేలుస్తుంటే సిలిండర్ పై భాగం బద్దలై ఎగిరిపోయింది. చేయి దక్కింది. ఆ తర్వాత ఆయన .44 స్పెషల్ వైపు మళ్లి, తనకి కావలసినట్టు పిడి, గురి, హ్యామర్ అన్నీ మార్పించి 'ఐదో నంబరు' అనే రివాల్వర్ తయారు చేయించుకున్నాడు. 1929లో 'అమెరికన్ రైఫిల్‌మన్' పత్రికలో దాని గురించి రాశాడు. దాదాపు వందేళ్లయినా ఆ పిడి ఆకారాన్ని జనం ఇంకా అడిగి చేయించుకుంటున్నారు.

ఆ తోవలోనే వ్యోమింగ్‌లో జాన్ లైన్‌బా రూగర్ చట్రంలో పెద్ద సిలిండర్ పెట్టి .510 అంగుళాల తూటా పేల్చే రివాల్వర్లు చేశాడు. ఆరు గదులు తీసేసి ఐదే పెట్టడంతో మధ్య గోడలు మందమయ్యాయి, బోల్ట్ గాడి గది మీద పలచని చోట పడకుండా పక్కకి జరిగింది. కీత్‌కి బద్దలైన చోటే ఇది బలం పుంజుకుందన్నమాట.

స్టీల్‌ప్లాంట్ ఊరివాళ్లకి నచ్చేది ఆఖరి మెరుగు. కొన్ని రివాల్వర్ చట్రాల మీద నీలం, గోధుమ, గడ్డి రంగులు మేఘాల్లా కలిసి కనపడతాయి. అవి పూసిన రంగులు కావు. చట్రాన్ని ఎముకల బొగ్గు, కర్ర బొగ్గుతో కలిపి మూసిన ఇనుప పెట్టెలో పెట్టి గంటల తరబడి కాలుస్తారు. కర్బనం పైపొరలోకి దిగుతుంది. తర్వాత ఒక్కసారిగా నీళ్లలో వదులుతారు. పైపొర గట్టిపడుతుంది, ఆ రంగులు కానుకగా వస్తాయి. ఏ రెండు తుపాకులకీ ఒకేలా రావు.

పూర్తి స్థాయి పనికి అసలు తుపాకీ ధర కన్నా ఎక్కువే అవుతుంది. పేరున్నవాళ్ల దగ్గర నెలలు, ఒక్కోసారి ఏళ్లు వరుసలో ఉండాలి.

డల్లాస్‌లో కుదురుతుందా?

మనవాళ్లు టెక్సస్‌లో లక్షణంగా స్థిరపడ్డారు కదా, వాళ్లకైనా ఈ సరదా తీరుతుందా? హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి అంత తేలిక కాదు. వలసేతర వీసాలవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో ఒకటి విచిత్రంగా ఉంటుంది: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే చాలు. జింకని ఎన్నడూ కొట్టని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వేట లైసెన్స్ తీసుకోవడం వెనక ఉన్న రహస్యం ఇదే. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ తిప్పలుండవు. గన్‌స్మిత్ సవరించాక తుపాకీని నేరుగా యజమానికి పంపొచ్చు కూడా.

ఇక మన దేశంలో 1959 ఆయుధ చట్టం ఐదో సెక్షన్ కింద తయారీకే కాదు, మార్చడానికీ, బాగుచేయడానికీ, కాల్చి పరీక్షించడానికీ ప్రత్యేక లైసెన్స్ ఉండాలి. గొట్టం పొట్టి చేయడానికి ఆరో సెక్షన్ అడ్డు. ఉల్లంఘిస్తే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఒక వ్యక్తి దగ్గర ఉండగల తుపాకులూ మూడు నుంచి రెండుకి తగ్గాయి. సైన్యం, పోలీసులు వాడే కొలతలు పౌరులకి నిషిద్ధం కాబట్టే కాన్పూర్ ఫ్యాక్టరీ చేసే రివాల్వర్ .32 కొలతలో ఉంటుంది. అది బ్రిటిష్ వెబ్లీకి వారసురాలు, కౌబాయ్ తరహా కాదు. 2014లో ఆడవాళ్ల కోసం అంటూ తెచ్చిన అరకిలో 'నిర్భీక్' కూడా ఆ కోవలోదే. కృష్ణ నడుముకున్న బాపతు మనకి దొరకడం కష్టం, దొరికినా గోపాలపట్నంలో లైసెన్స్ లేనివాళ్ల చేత ముట్టించలేం. నాకైతే ఇందులో విచారించాల్సిందేమీ కనపడదు. మెకానిజం మీద మోజు ఉన్నవాళ్లకి ఇంకో తలుపు తెరిచే ఉంది.

0.177 అంగుళాల, 20 జౌళ్లకి మించని ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. అదే ఊరి ఇషా సింగ్ పిస్టల్‌తో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. ఈ క్రీడలో చెక్క పిడిని చేతికి అమర్చుకోవడం తప్పు కాదు, తప్పనిసరి. అరచేయి తగలని చోట లప్పం పెట్టి పూడుస్తారు, ఒత్తుకునే చోట గరుకు కాగితంతో రాస్తారు. వారం వాడి మళ్లీ సరిచేస్తారు. పోటీకి ముందు నిర్వాహకులు ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి నిలువుగా ఎత్తుతారు. తూకం లేవాలి, ట్రిగ్గర్ జారకూడదు. జారితే స్క్రూ తిప్పి మళ్లీ తెచ్చి చూపించాలి. 25 మీటర్ల పిస్టల్‌కైతే ఆ తూకం కిలో.