రెండు తెరల నడుమ సత్యభామ

కలాపం నుంచి బాలేకు, బాలే నుంచి సినిమాకు... ఓ నాట్యాభిమాని ముచ్చట్లు

కూచిపూడి: ఇద్దరు మనుషులు అటొకరు, ఇటొకరు నిలబడి ఓ రంగు గుడ్డ పట్టుకుంటారు. దాని మీదుగా ఇవతలికి బారెడు జడ పడుతుంది. జడ పడిందంటే సత్యభామ వచ్చినట్టే. నాతో సమానంగా ఆడి పాడగలవాళ్ళుంటే రండి, గెలిచి ఈ జడ కోసుకుపొండి అని దాని భావం. భామాకలాపంలో తెర అంటే అది. ఇప్పుడు పల్లెల్లో ఎవరినడిగినా తెర అంటే సినిమా తెరే. ఆ తర్వాత టీవీ వచ్చింది. ఇప్పుడది అరచేతిలోకి వచ్చి కూర్చుంది. ఈ రెండు తెరల నడుమ మన నాట్యం చాలా దూరం నడిచింది. నడిచిన దారిలో ఏం సంపాదించింది, ఏం జారవిడుచుకుంది అన్నది కృష్ణా జిల్లా వాళ్ళు ఆలోచించాల్సిన సంగతి. ఎందుకంటే ఆ జడ మొదట పడింది మన మొవ్వ మండలంలోనే.

మొవ్వ పరిసరాల్లో ఓ పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. వృత్తి వ్యవసాయం. కాలికి ఏనాడూ గజ్జె కట్టలేదు. కానీ గజ్జెల చప్పుడు వినపడితే ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళి తెల్లవార్లూ కూర్చున్న మనిషి. కలాపాలు చూశారు, సురభి వారి నాటకాలు చూశారు, బాలేలు చూశారు, సినిమాలు లెక్క లేనన్ని చూశారు. ‘చూసినవాడి పేరు దేనికండీ, ఆడినవాళ్ళ పేర్లు చాలు’ అంటారు.

ఆడిందీ పాడిందీ ఒకరే

నాట్యానికి నాలుగు కాళ్ళని పెద్దలు చెబుతారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒంటితో చేసేది ఆంగికం. నోటితో చెప్పేది వాచికం. వేషం, నగలు ఆహార్యం. మనసులోంచి ముఖంలోకి పొంగేది సాత్త్వికం. భామాకలాపం ఈ నాలుగు కాళ్ళ మీదా నిలబడిన ఆట. సిద్ధేంద్ర యోగి కూర్చిన ఈ కలాపంలో భామ వేషం ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా కట్టాలన్నది కూచిపూడి కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం.

ఆ రోజుల్లో కరెంటు దీపాలు లేవు. కాగడాలే. ముఖ్యమైన పాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది. ఆ వెలుగులో భామ ముఖం చూడాలి. జనం మూడు వైపులా నేల మీద కూర్చునేవారు. సూత్రధారే చెలికత్తె మాధవి అయి భామను కవ్వించేవాడు. మధ్యలో ఊళ్ళో సంగతులు కూడా దొర్లేవి. నవ్వులే నవ్వులు. అంతలోనే భామ కృష్ణుడికి లేఖ రాయడానికి కూర్చుంటే అదే జనం చీర చెంగుతో కళ్ళు ఒత్తుకునేవారు.

‘అసలు గొప్ప ఎక్కడుందంటే, దరువుకు ఆడుతూనే గొంతు కలిపేవాళ్ళు. మాటా వాళ్ళదే, అడుగూ వాళ్ళదే. అలిసిపోతే ఆ అలుపు గొంతులో తెలిసేది. అది కూడా భామ అలుపే అనిపించేది’ అని పెద్దాయన వివరిస్తారు.

వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషం గురించి ఈ ప్రాంతంలో చెప్పని ఇల్లు లేదు. మగవాడని ముందే తెలిసినా, వేషం కట్టి నడిచి వస్తుంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు. కేంద్ర ప్రభుత్వం ఆయనకు 1970లో పద్మశ్రీ ఇచ్చింది. 2012లో ఆయన కన్నుమూశారు.

పద్యనాటకాలదీ ఇదే పద్ధతి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజం వారు ఇంటిల్లిపాదీ రంగం మీద బతికారు. పాత్రధారే పద్యం ఎత్తుకోవాలి. రాగం బాగుంటే జనం ‘వన్స్ మోర్’ అనేవారు. మళ్ళీ పాడాల్సిందే. ఆడేవాడికీ చూసేవాడికీ నడుమ అడ్డు లేదు.

బాలే వచ్చింది

బాలే అన్న మాట పడమటి దేశాలది. అక్కడి నర్తకులు నోరు విప్పకుండా, సంగీతానికి కాలు కదిపి కథ నడిపిస్తారు. మన దేశం నుంచి ఉదయ శంకర్ లండన్ వెళ్ళి, రష్యా నర్తకి అన్నా పావ్లోవాతో 1923లో రాధాకృష్ణుల నృత్యం ఆడారు. తర్వాత స్వదేశం వచ్చి బృంద నృత్యాలు తయారు చేశారు. 1948లో ‘కల్పన’ అనే సినిమా తీశారు. నిండా నాట్యంతో నడిచే ఆ చిత్రం తయారైంది మద్రాసులోనే.

తెలుగు వాళ్ళు బాలే అంటే మాత్రం ముందుగా గుర్తొచ్చేది వెంపటి చినసత్యం. కూచిపూడిలో 1929లో పుట్టారు. మద్రాసు వెళ్ళి అన్నగారి వరసైన వెంపటి పెదసత్యం దగ్గర సినిమా నృత్యాలకు సాయపడ్డారు. ఆ తర్వాత 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, నృత్యనాటకాలకే అంకితమయ్యారు. ‘క్షీరసాగర మథనం’, ‘పద్మావతీ శ్రీనివాస కల్యాణం’, ‘చండాలిక’ వంటివి ఆయన చేతి మీదుగా వచ్చాయి. చాలా వాటికి ఎస్వీ భుజంగరాయ శర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం. సంగీతరావు సినిమాల్లో ఘంటసాలకు కుడిభుజంగా పనిచేసినవారే. అంటే బాలేకూ సినిమాకూ చుట్టరికం మొదటి నుంచీ ఉంది.

తెల్లవార్లూ సాగే ఆట రెండున్నర గంటలకు వచ్చింది. దీపాల రంగులు మారాయి. పదిమంది ఒక్క లయలో అడుగేస్తే చూడ ముచ్చటైంది. మగవాళ్ళకే పరిమితమైన ఆటలో ఆడపిల్లలు భామలయ్యారు. శోభానాయుడు, మంజుభార్గవి వంటి వారు ఈ బడిలో తయారైనవాళ్ళే. కూచిపూడి పేరు దేశదేశాలకు చేరింది. చినసత్యంకు 1998లో పద్మభూషణ్ వచ్చింది.

‘అందం పెరిగింది. కాదన్నవాడికి కళ్ళు లేనట్టే. కానీ పాట పక్కన కూర్చున్న గాయకుల చేతికి పోయింది. భామ నోరు కదిలినా మాట తగ్గింది. నాలుగు కాళ్ళలో ఒకటి పక్కకు జరిగింది’ అంటారు పెద్దాయన.

మద్రాసు దారి

కూచిపూడి వాళ్ళు సినిమాలకు పోయి కళను అమ్ముకున్నారని ఆ రోజుల్లో కొందరు మూతి విరిచారు. కానీ పొట్ట సంగతి కూడా చూడాలి. మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. రైతుకు అది మేలే. కానీ జమీందారు ఇంట పెళ్ళికి, పండక్కి ఆట కట్టించే ఆనవాయితీ కూడా దాంతోపాటే పోయింది. అప్పుడు అన్నం పెట్టిన తల్లి సినిమాయే.

చిన్ననాటే గజ్జె కట్టిన వేదాంతం రాఘవయ్య నృత్య దర్శకుడిగా సినిమాల్లోకి వెళ్ళి, తర్వాత దర్శకుడయ్యారు. 1953 నాటి ‘దేవదాసు’, 1957 నాటి ‘సువర్ణ సుందరి’ ఆయన తీసినవే. పసుమర్తి కృష్ణమూర్తి ‘పాతాళ భైరవి’, ‘మల్లీశ్వరి’, ‘మాయాబజార్’ చిత్రాలకు నృత్యాలు కూర్చారు. కూచిపూడి పేరు వినని పల్లెల్లో కూడా టూరింగు టాకీసు నేల క్లాసులో కూర్చున్న కూలీ కూచిపూడి అడుగే చూశాడు.

‘మాయాబజార్’ ముచ్చట చెప్పేటప్పుడు పెద్దాయన ముఖం వెలిగిపోతుంది. ఆ కథ శశిరేఖా పరిణయం. కూచిపూడి యక్షగానాల్లోనూ, సురభి నాటకాల్లోనూ ఆడిందే. సినిమాలో ఘటోత్కచుడు మాయా శశిరేఖ అవుతాడు. ఆ వేషంలో కనిపించేది సావిత్రి. పెళ్ళి సంబరంతో ఆడుతూ ఆడుతూ మధ్యలో మైమరచి మగరాయుడి వాలకంలోకి జారిపోతుంది. సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వినపడుతుంది. ‘మా ఊళ్ళో మగవాడు ఆడవేషం కట్టేవాడు. అక్కడ ఆడమనిషి, ఆడవేషం కట్టిన మగవాడి వేషం కట్టింది. కలాపం చూసి పెరిగిన మాకు ఆ మెలిక ఇట్టే తెలిసింది’ అని ఆయన నవ్వుతారు.

అన్నీ అలా కలిసిరాలేదు. రాఘవయ్య దర్శకత్వంలో 1967లో వచ్చిన ‘రహస్యం’లో మల్లాది రామకృష్ణశాస్త్రి రాసిన ‘గిరిజా కల్యాణం’ యక్షగానాన్ని కూచిపూడి పద్ధతిలో పెట్టారు. ఘంటసాల సంగీతం. ‘లవకుశ’ తీసిన సంస్థ తీసిన చిత్రమది. డబ్బు రాలేదు. ఆ యక్షగానం మాత్రం ఈనాటికీ రసికుల నోళ్ళలో నానుతోంది.

కెమెరా ఎక్కడ చూపిస్తే అక్కడే

సినిమాలో నాట్యం ఎలా తీస్తారన్నది చాలామందికి తెలియదు. పాట ముందే రికార్డు చేసి ఉంచుతారు. దాన్ని వినిపిస్తూ, నాలుగు సెకన్ల ముక్క ఒకటి, ఆరు సెకన్ల ముక్క ఒకటి తీస్తారు. ఒక ముక్కలో కళ్ళు, ఒక ముక్కలో చేయి, ఒక ముక్కలో పాదం. తర్వాత గదిలో కూర్చుని వాటిని అతికిస్తారు. అలుపు రాకముందే ముక్క అయిపోతుంది. తప్పు పోతే మళ్ళీ తీస్తారు. పాడింది ఒకరు, ఆడింది మరొకరు. ఒక్కోసారి పాదం కూడా వేరొకరిదే కావచ్చు. నాలుగు కాళ్ళూ నాలుగు చోట్ల ఉండి, తెర మీద కలుస్తాయన్నమాట.

రంగం ముందు కూర్చున్నవాడు తనకు నచ్చిన చోట చూస్తాడు. ఒకడు పాదం చూస్తాడు, ఒకడు కన్ను చూస్తాడు. సినిమాలో కెమెరా ఎక్కడ చూపిస్తే అక్కడే చూడాలి. చూపు మనది కాదు.

ఈ చిక్కు అమెరికా వాళ్ళకూ వచ్చింది. ఫ్రెడ్ ఆస్టెయిర్ అనే నర్తకుడు నాటకరంగం నుంచి 1930లలో సినిమాలకు వచ్చాడు. తన నాట్యాన్ని ముక్కలు చేయకుండా, తల నుంచి పాదం వరకు ఒంటిని నిండుగా చూపించాలని పట్టుబట్టి తీయించుకునేవాడు. అందుకే ఆ నాట్యాలు నేటికీ నిలిచాయి.

మన వాళ్ళలో కె.విశ్వనాథ్ ఆ మర్మం తెలిసినవారు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో మంజుభార్గవి నడకలోనే నాట్యం కనపడుతుంది. 1983 నాటి ‘సాగర సంగమం’లో పత్రికాఫీసు సన్నివేశం ఉంది. ఒకే భావాన్ని వేర్వేరు నాట్య రీతుల్లో ఎలా చూపాలో కమల్ హాసన్ పాత్ర అక్కడే నిలబడి చేసి చూపిస్తుంది. నగలు లేవు, రంగుల దీపాలు లేవు. నాట్యం తెలియని రైతుకు కూడా తేడా అర్థమైంది. సినిమా తలచుకుంటే గురువు పని కూడా చేయగలదనడానికి అది నిదర్శనం.

చూసే కన్ను చిన్నదైతే

కూచిపూడి నేర్చుకునేవాళ్ళకు నేడు కొదవ లేదు. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా ఒకేసారి తిల్లానా ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. పట్నాల్లోనూ, అమెరికా తెలుగు వాళ్ళ ఇళ్ళల్లోనూ ఆడపిల్లలు గజ్జె కడుతున్నారు. సంతోషమే. అయితే ఎక్కువ మంది నేర్చేది పది నిమిషాల అంశాలు. ఒక శబ్దం, ఒక తరంగం, ఒక తిల్లానా. పూర్తి కలాపం పట్టేవాళ్ళు తక్కువ. వాచికం చెప్పగలవాళ్ళు ఇంకా తక్కువ. మగవాడు భామ వేషం కట్టడం అరుదైపోయింది.

పెద్దాయన బాధ ఆడేవాళ్ళ గురించి కాదు. చూసేవాళ్ళ గురించి. ‘వెనకటికి తాళం తప్పితే అరుగు మీద కునుకుతున్న ముసలాయన కూడా కళ్ళు తెరిచేవాడు. ఆ భయం ఆడేవాడికి ఉండేది. ఇప్పుడు అర నిమిషం ముక్కలు చూసి చూసి కన్ను కూడా చిన్నదైంది. గంటసేపు ఓ మనిషిని నిండుగా చూసే ఓపిక పోతోంది. ఓపిక పోతే తప్పు తెలియదు. తప్పు తెలియకపోతే ఒప్పూ తెలియదు’ అంటారు.

సినిమా చూడొద్దని ఆయన అనరు. బాలే వద్దని అసలే అనరు. మూడూ చూస్తేనే దేని రుచి ఏమిటో తెలుస్తుందంటారు. పిల్లలకు ఆయన చెప్పే ఉపాయం ఒకటుంది. ఆట మొదలయ్యాక కాసేపు పాదాలే చూడాలి. లయ పట్టుబడ్డాక చేతులు చూడాలి. చేయి వెళ్ళిన చోటికి కన్ను వెళ్తోందా అని చూడాలి. ఆ తర్వాత మాట వినాలి. ఈ నాలుగూ కలిసిన ఘడియలో ఒళ్ళు ఝల్లుమంటుంది. అది ఒక్కసారి అనుభవిస్తే ఏ తెర మీద ఏది అతుకో, ఏది అసలో ఎవరూ చెప్పనక్కరలేదు.

కూచిపూడిలో సిద్ధేంద్ర యోగి పేరిట నాట్యోత్సవాలు జరుగుతుంటాయి. మొవ్వ, పామర్రు చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు అరగంట ప్రయాణం. ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి జనం వస్తుంటే, పక్క ఊరి పిల్లలకు భామాకలాపం అంటే ఏమిటో తెలియకపోవడం చిన్నతనం. ఈసారి కలాపం వేస్తున్నారని తెలిసినప్పుడు ఇంటికొక పిల్లవాణ్ణయినా తీసుకెళ్ళి, చివరిదాకా కూర్చోబెట్టడం పెద్దల బాధ్యత. మధ్యలో నిద్రపోయినా ఫరవాలేదు. పెద్దాయన కూడా మొదటిసారి భామాకలాపం చూసింది తల్లి ఒడిలో, సగం నిద్రలోనేనట.