ఒక్కరోజు శిక్షణ చాలునా?

పుట్టిన బిడ్డ ఏడవకపోతే ఆ యింట ఎంత కలవరమో మనమెరుగుదుము. ఒళ్లు తుడిచి రుద్దినా ఊపిరి తీయకపోతే, నిమిషంలోపే మాస్కుతో గాలి అందించాలి.

టాంజానియాలోని హేడోమ్ లూథరన్ ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సులు మొదలైనవారికి 2010లో పసిబిడ్డను పోలిన బొమ్మపై ఒకరోజు శిక్షణ ఇచ్చారు. బొమ్మ దగ్గర చాలామంది చక్కగా చేశారు. కాన్పు గదిలో మాత్రం మార్పు కనబడలేదు. 2011 నుండి ఆ బొమ్మనే ఆసుపత్రిలో ఉంచి, వారం వారం కొద్ది నిమిషాలు సాధన చేయించారు. మొదటి 24 గంటల్లో చనిపోయే శిశువులు వెయ్యికి సుమారు 11 నుండి 7కు తగ్గారు.

ప్రియులారా, మేము మనవి చేసేది ఒక్కటే. నర్సు పనిలోనున్న మన ఆడబిడ్డలు, కోడళ్లు మరల శిక్షణకు వెళ్లవలసివస్తే, "ఇంకా చదువేమిటి?" అనక సంతోషంగా పంపుదము.