మన ఇంటి పాత ఫ్యూజు బోర్డు – మార్చుకోవడం ఎలా?



ఆరో తరగతిలో ట్రంకుపెట్టె తలమీద పెట్టుకుని ఈ హాస్టల్ గేటు దాటి వచ్చినవాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, గ్రహాలు, నక్షత్రాల గురించి కాకుండా మన ఇళ్లలో తలుపు పక్కన వేలాడే ఫ్యూజు బోర్డు గురించి రాయాలనిపించింది. కారణం చెబుతాను.

రెండేళ్ల కిందట మే నెలలో సెలవులకు ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం మా చెల్లెలు కూలర్‌లో నీళ్లు పోస్తోంది. కింద తడిసిన నాపరాళ్లు, కాళ్లకు చెప్పులు లేవు. ఒక్కసారిగా కేక వేసి కూలర్‌కు అతుక్కుపోయింది. నేను పరుగెత్తి స్విచ్చి ఆపాను. బతికింది. వేళ్ల మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి చూశాను. ఫ్యూజు పోలేదు. ఓం నియమం మీద పరీక్షలో పదికి పది మార్కులు తెచ్చుకున్న నాకు, మా ఇంటి బోర్డులో ఏముందో ఆ రోజు వరకు తెలియదు. సిగ్గనిపించింది.

దీపం పక్కనే చీకటి

మన మండలంలోని కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1994లో మొదటి యూనిట్ మొదలైంది. 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్ వచ్చాక మొత్తం సామర్థ్యం 1650 మెగావాట్లయింది. ఆ పొగగొట్టాలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. కానీ ఆ కరెంటు మన గడప దాటాక ఏ తీగలో ప్రవహిస్తోంది? మట్టి మిద్దెల్లో దూలం మీద చెక్కపట్టీ కొట్టి ఎప్పుడో లాగిన తీగ. దాని తొడుగు ఎండకు పెళుసెక్కి రాలుతుంటుంది. వానకు మిద్దె కారితే ఆ తేమ తీగ మీదికే వస్తుంది.

ఆ తీగ వేసిన రోజుల్లో ఇంట్లో ఉన్నవి 60 వాట్ల బల్బులు నాలుగు, ఫ్యాను ఒకటి. మొత్తం 310 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 1.3 ఆంపియర్లు. ఇప్పుడు కూలర్, టీవీ, ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, రెండు ఫ్యాన్లు ఒకేసారి నడిస్తే సుమారు 2000 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. కరెంటు ఏడు రెట్లు పెరిగింది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని పదో తరగతి పాఠంలో చదివాం కదా. కరెంటు ఏడు రెట్లయితే వేడి ఏడేళ్లు నలభై తొమ్మిది రెట్లు. తీగ మాత్రం అదే తీగ.

ఫ్యూజు పని ఏమిటి?

పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు అందరికీ తెలిసిందే. అందులోని సన్నతీగ ఇంటి తీగ కంటే ముందు కరిగిపోవాలి. అదే దాని ధర్మం. 5 ఆంపియర్ల ఫ్యూజుకు 0.2 మిల్లీమీటర్ల తగరపు పూత ఉన్న రాగితీగ చాలు. మా ఇంట్లో అది తరచూ పోతుంటే మా నాయన వైరు ముక్కలోంచి మూడు పోగులు తీసి మెలివేసి కట్టాడు. "ఇంగ సచ్చినా ఫీజు పోదు" అన్నాడు. నిజమే, పోదు. ఒక్కో పోగు దాదాపు 13 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. మూడు కలిస్తే 40కి దగ్గరవుతుంది. అంతకు చాలా ముందే గోడమీది తీగ కాలుతుంది. నాయనను తప్పుపట్టలేను. రోజంతా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో నిలబడి వచ్చిన మనిషికి రాత్రి ఫ్యాను తిరగడం కావాలి. ఫ్యూజు ఎందుకు పోతోందో ఆయనకు చెప్పాల్సింది నేనే.

మరి షాక్ కొట్టినప్పుడు ఫ్యూజు ఎందుకు పోలేదు?

తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓంలనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి ఇది చాలు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు మాత్రం ఇది చిన్న బల్బు వెలిగినట్టే. అంటే సరైన ఫ్యూజు ఉన్నా మా చెల్లెల్ని కాపాడేది కాదు. ఎం.సి.బి. కూడా అంతే. ఈ రెండూ తీగను కాపాడతాయి, మనిషిని కాదు.

మనిషిని కాపాడేవి రెండు. మొదటిది ఎర్తు. కూలర్ ఇనుప బాడీకి ఎర్తు ఉంటే, లోపలి తీగ తగిలినా కరెంటు ఎర్తు తీగలో భూమిలోకి పోతుంది. మా బోర్డులో రెండు రంధ్రాల సాకెట్టే ఉంది. అందుకని కూలర్‌కు వచ్చిన మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు పిన్నులది తగిలించాం. అక్కడే చేతులారా రక్షణ పోగొట్టుకున్నాం.

రెండోది ఆర్.సి.సి.బి. ఇంట్లోకి ఫేజులో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానమా అని ఇది ఎప్పుడూ లెక్క చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, కరెంటు ఎక్కడో దారితప్పి మనిషిలోంచో గోడలోంచో పోతోందని గుర్తించి సెకనులో మూడోవంతు లోపే ఆపేస్తుంది. కానీ ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దీనికి తేడా తెలియకపోవచ్చు. లోడు పెరిగినా దీనికి పట్టదు. కాబట్టి ఎం.సి.బి. కూడా ఉండాల్సిందే.

మన రాతినేలల్లో ఇది మరీ అవసరం. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోయి దాని నిరోధం 25 ఓంలకు పెరిగిందనుకోండి. 230ని 25తో భాగిస్తే 9 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు. బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. ఆర్.సి.సి.బి. అయితే వెంటనే పడిపోతుంది.

ఏ వరసలో మార్చాలి?

ఒకేసారి ఇల్లంతా మార్చే స్తోమత మనలో చాలామందికి ఉండదు. మేము చేసిన వరస ఇది.

1. లావు తీగలు కట్టిన ఫ్యూజులకు అదే రోజు సరైన ఫ్యూజు తీగ వేయించాం. దీనికైన ఖర్చు ఒక టీ ఖర్చు.

2. ఎర్తు గుంత తీయించాం. రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. వేసవిలో అందులో నీళ్లు పోయడం ఇప్పుడు మా చెల్లెలి పని.

3. మీటరు తర్వాత రెండు తీగలనూ ఆపే మెయిన్ స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., ఆ తర్వాత ఒక్కో లైనుకు ఒక్కో ఎం.సి.బి. పెట్టించాం. ఎం.సి.బి.ని తీగ మందాన్ని బట్టి ఎంచాలి. పెద్దది పెడితే పడిపోదు కదా అనుకుంటే మళ్లీ మూడు పోగుల కథే.

4. కూలర్, ఇస్త్రీ పెట్టెలకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో వేరే లైను, మూడు పిన్నుల సాకెట్లు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 సరిపోతుంది. ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్తు ఆకుపచ్చ.

5. చివరగా చెక్కపట్టీల తీగలన్నీ తీసేశాం. నాపరాతి గోడలు చెక్కడం కష్టం కాబట్టి పైపైనే పి.వి.సి. పైపులు కొట్టించాం. పాత అల్యూమినియం తీగకు కొత్త రాగితీగ మెలివేయవద్దు. ఆ అతుకు వదులై వేడెక్కుతుంది.

పని అయ్యాక మెగ్గర్‌తో పరీక్ష చేయించాలి. తీగల మధ్య నిరోధం కనీసం 1 మెగా ఓం ఉండాలి. ఆర్.సి.సి.బి. మీద ఉండే టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడాలి. అది మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని తీసేయకండి. ఎక్కడో కరెంటు కారుతోందని అది చెబుతోంది.

చేయకూడనివి

తమ్ముళ్లారా, ఇది చదివి స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. మెయిన్ ఆపినా మీటరు నుంచి మెయిన్ వరకు ఉన్న తీగల్లో కరెంటు ఉంటుంది. మీటరు సీలు తెంచడం నేరం కూడా. అక్కడి పనికి 1912కు ఫోన్ చేసి లైన్‌మన్ చేత సరఫరా ఆపించాలి. వైరింగు పని లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. మనం చేయాల్సింది చూడడం, అడగడం.

ఎవరికైనా షాక్ కొడితే ముందు స్విచ్చి ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో తీగను తప్పించండి. చేత్తో ముట్టుకోవద్దు. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

ఒక మాట

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతో మాత్రమే మీ ఇల్లు చూడండి. ఫ్యూజులో ఏ తీగ ఉంది? కూలర్‌కు ఎన్ని పిన్నులు? ఎర్తు ఉందా? తీగ తొడుగు రాలుతోందా? స్విచ్చి బోర్డు మసిబారిందా? ఇవి ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నలకు చదివి వినిపించండి. ఐ.టి.ఐ. చదివి ఎలక్ట్రీషియన్లయిన అన్నలారా, మీరు ఒక ఆదివారం వచ్చి ఈ పిల్లల కాగితాలు చూసి సలహా చెబితే, అది మన హాస్టల్‌కు మీరిచ్చే మంచి కానుక అవుతుంది.

మా ఇంట్లో కొత్త బోర్డు బిగించిన రోజు నాయన టెస్ట్ బటన్ నొక్కాడు. టక్కుమని ఇల్లంతా చీకటైంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది ముందే ఉండుంటే పాపకు ఆ మచ్చ ఉండేది కాదు గదరా" అన్నాడు. మనం చదివిన చదువు మొదట మన ఇంటికి పనికిరావాలని ఆ రోజు నాకు అర్థమైంది.