కోళ్ల గూట్లో కాపురం

తన కోడీ, కుంపటీ లేకపోతే వూరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలియని తెలుగువారు వుండరు. ఆ కథ విని అందరూ ముసలమ్మను చూసి నవ్వుతారే గాని, పాపం ఆ కోడి రాత్రంతా యెక్కడ పడుకున్నదో యెవరూ అడగరు. మన సారస్వతంలోనూ అంతే. పలనాటి కథలో పుంజులు పోరాడతాయి. కుక్కుటశాస్త్రం పుంజు రంగును చూసి జయాపజయాలు చెబుతుంది. గుడ్డు పెట్టి యింటిల్లిపాదికీ బలమిచ్చే పెట్టను గురించి పట్టించుకున్నవారు మాత్రం తక్కువ. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను పెట్టల పక్షాన నాలుగు మాటలు రాయడానికి కారణం మా అమ్మ.

రెండేళ్ల కిందట మా నాన్నగారు పోయిన తరువాత, పల్లెలో వొంటరిగా వుండవద్దని అమ్మను తెనాలిలో మా వద్దకు తీసుకువచ్చాము. బస్తీలో ఆవిడకు పొద్దుపోయేది కాదు. తెల్లవారుజామునే లేచేది, లేచి చేయడానికి పని వుండేది కాదు. "నాలుగు పెట్టల్ని తెచ్చుకుంటానురా అబ్బాయీ" అన్నది ఒకనాడు. పెరట్లో, మాకు ముందు కాపురమున్నవారు వదిలిపోయిన గూడు వుండనే వున్నది. గుడ్లకు వచ్చిన గ్రామప్రియ పెట్టలు అయిదూ, నాటు పెట్టలు మూడూ వచ్చాయి. గ్రామప్రియ అంటే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. గోధుమరంగు గుడ్లు పెడుతుంది.

నెల తిరక్కుండానే గూట్లో మూడు తగాదాలు లేచాయి: పడక తగాదా, పురిటిగది తగాదా, పెద్దరికం తగాదా. గుడ్లు రెట్టలో పొర్లి వచ్చేవి. రెండు పెట్టలు గూడు మానేసి గోరింటపొద కింద గుడ్లు పెట్టసాగాయి. అన్నిటికన్న చిన్నదైన చుక్కలపెట్టకు తోక దగ్గర యీకలు వూడిపోయి, రక్తం కనిపించింది.

"వీటికి సుఖం లేనిచోట నాకు మాత్రం యేం సుఖంరా? యెవరికైనా యిచ్చేసి నేను మన వూరు పోతాను" అన్నది అమ్మ. ఆవిడ మాట్లాడుతున్నది కోళ్లను గురించి మాత్రమే కాదని మా దంపతులిద్దరికీ తెలిసిపోయింది.

మర్నాటి నుంచి కాలేజీ విడవగానే వచ్చి గూటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుస్తకాలు చూసి తెలుసుకున్నవి నావి, చూడకుండానే తెలిసినవి అమ్మవి. రెండూ కలిపి పాఠకులకు మనవి చేస్తున్నాను.

ముందు పడక సంగతి. మన పెరటికోడికి మూలపురుషుడు అడవికోడి. నక్కలూ, అడవిపిల్లులూ తిరిగేచోట రాత్రిపూట చెట్టుకొమ్మ యెక్కితే గాని దానికి ప్రాణానికి భరోసా లేదు. వేల యేళ్లుగా మనిషి గంప కింద బతికినా కోడికి ఆ బుద్ధి పోలేదు. చీకట్లో దానికి చూపు ఆనదు. అందుకే మసక చీకటి పడేలోగా గూట్లో అన్నిటికన్న యెత్తైన చోటు వెతుక్కుంటుంది. మా గూట్లో కోళ్లు కూర్చునే కర్ర అడుగున్నర యెత్తున వుంటే, గుడ్ల పెట్టెలు మూడడుగుల యెత్తున వున్నాయి. ఇక పెట్టలు పెట్టెల్లో పడుకోక యేం చేస్తాయి? రాత్రంతా అక్కడే రెట్ట వేస్తాయి, తెల్లవారి అందులోనే గుడ్డు పెడతాయి.

వడ్రంగిని పిలిచి రెంటికీ స్థానాలు మార్పించాము. పెట్టెలు అడుగు యెత్తుకు దిగాయి, కర్ర మూడడుగులకు యెక్కింది. పెట్ట ఒక్కింటికి తొమ్మిదంగుళాల చోటు కావాలి. యెనిమిదింటికి 72 అంగుళాలు, అంటే ఆరడుగులు. అంత పొడుగు కర్ర గూట్లో పట్టదు గనుక మూడేసి అడుగుల సరుగుడు కర్రలు రెండు వేయించాము. రెండూ ఒకే యెత్తున వుండాలి. ఒకటి పైనా, ఒకటి కిందా వుంటే పై కర్రకోసం మళ్లీ పోట్లాటే. రెంటికీ మధ్య అడుగు యెడం, గోడకూ కర్రకూ మధ్య అడుగు యెడం వుండాలి. కర్ర రెండంగుళాల మందాన, అంచులు గుండ్రంగా, నున్నగా వుంటే పాదాలకు పుండ్లు పడవు. కర్రల కింద వూకలో బూడిద కలిపి పరిస్తే పొద్దున్నే యెత్తిపారేయడం తేలిక. ఆ రెట్ట మాగిన తరువాత కూరపాదులకు మంచి యెరువు.

అయినా అలవాటు ఒక్కరోజులో పోదు. వారం రోజులపాటు సాయంకాలం పెట్టెలకు అడ్డంగా పలక పెట్టి, తెల్లవారుతూనే తీసేశాము. పొద్దుపోయి కూడా నేలమీద మిగిలినవాటిని అమ్మ యెత్తి కర్రమీద కూర్చోబెట్టేది. యెనిమిదోనాటికి పలకతో పని లేకపోయింది.

రెండవది పురిటిగది. పెట్టకు గుడ్డు పెట్టేవేళ కావలసింది చాటు, చీకటి, మెత్తదనం. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు యెత్తు వుంటే సరి. గడ్డి జారిపోకుండా ముందు వైపు నాలుగంగుళాల అడ్డపలక వుండాలి. మేము రెండు పెట్టెల్లోనూ వరిగడ్డి దట్టించి, ముందు గోనెగుడ్డ సగానికి వేలాడదీశాము. గోరింటపొద మరిగిన పెట్టలను నాలుగు రోజులు మధ్యాహ్నం దాకా బయటికి వదలలేదు. పెట్టెలో ఒక కొయ్యగుడ్డు వుంచాము. ఒక గుడ్డు వున్నచోటు క్షేమమైన చోటని పెట్ట నమ్ముతుంది.

"రెండు పెట్టెలుండగా అన్నీ ఒకదానికోసమే యెందుకు కాచుకుంటాయి అత్తయ్యా?" అని అడిగింది మా ఆవిడ.

"ఒకరు పురుడు పోసుకున్న గదే మంచిదని అందరూ అక్కడికే రారూ? ఇదీ అంతేనమ్మా" అన్నది అమ్మ.

ఒక గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందుచేత గుడ్డు పెట్టేవేళ రోజురోజుకూ కాస్త వెనక్కు జరిగి, మధ్యలో ఒకనాడు తప్పిపోతుంది. కంగారుపడనక్కరలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గుడ్లు తీసేయాలి. పెట్టెలో గుడ్డు పగిలితే పెట్టలు రుచి మరుగుతాయి. పెంకు పలచబడకుండా ఆల్చిప్పల పొడి ఒక చిప్పలో వేరుగా వుంచితే, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది.

నాటుపెట్ట ఒకటి పొదుగుకు వచ్చి పెట్టె వదలలేదు. చేయి పెడితే పొడుస్తుంది. మా గూట్లో పుంజు లేదు గనుక ఆ గుడ్లు పొదిగినా పిల్లలు రావు. అటువంటప్పుడు అడుగున గాలి ఆడే వలబోనులో, గడ్డి వేయకుండా, మేతా నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు వుంచితే పొదుగు మానుతుంది. "పాపం, దాని ఆశ యెందుకు కాదనాలి?" అని అమ్మ పుంజు వున్నవారింటి నుంచి పది గుడ్లు తెప్పించి పొదిగించింది. 21 వ నాటికి ఆరు పిల్లలు దిగాయి.

ఇక మూడవది, చుక్కలపెట్ట ప్రాణాలమీదికి తెచ్చిన పెద్దరికం తగాదా. నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్నతనం నుంచీ కోళ్లను గమనించి, 1922 లో జర్మన్ భాషలో ఒక వ్యాసం ప్రకటించాడు. ప్రతి గుంపులోనూ యెవరు యెవరిని పొడవవచ్చునో ఒక వరస వుంటుందనీ, ఆ వరస ప్రకారమే మేతకు ముందూ వెనకా అవుతాయనీ ఆయన చూపాడు. వరస కుదిరిన గుంపులో పోట్లాట తక్కువ. కాబట్టి ఒక్క పోటు పొడిచి వూరుకుంటే అది మర్యాద నేర్పడం. వెంటపడి పొడిచి, మేత దగ్గరికి రానీయకపోతే అది హింస. రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయరాదు. యెర్రదనం చూస్తే మిగిలినవన్నీ అక్కడే పొడుస్తాయి.

చుక్కలపెట్టను ఆ సాయంకాలమే వేరుచేసి, గాయం ఉప్పునీటితో కడిగి పసుపు అద్దాము. ఐతే దూరంగా పెట్టలేదు. పూర్తిగా మరిచిపోతే తిరిగి వచ్చినప్పుడు కొత్తదానికింద జమకట్టి మళ్లీ పొడుస్తాయి. అందుకని గూటి పక్కనే వల అడ్డంపెట్టి, కనిపించేలా వుంచాము. అన్నిటినీ తరుముతున్న యెర్రపెట్టను నాలుగు రోజులు వేరే గంప కింద వుంచాము. అది తిరిగి వచ్చేసరికి దాని పెద్దరికం కొంత సడలింది.

పొడవడానికి కారణాలు కూడా వెతకాలి. చోటు ఇరుకైనా, యెండవేడి యెక్కువైనా, మేతలో మాంసకృత్తులు తక్కువైనా, కోడిపేలు పట్టినా పెట్టలకు చిరాకు పుడుతుంది. గూట్లో పెట్ట ఒక్కింటికి మూడు నాలుగు చదరపు అడుగులైనా వుండాలి. మేము మేత తొట్టెలూ, నీళ్ల తొట్టెలూ రెండేసి చేసి, ఒకటి కనిపించే చోట మరొకటి కనిపించకుండా పెట్టాము. ఒక పెద్దమ్మ రెండింటికీ కాపలా కాయలేదు గదా! నూకల్లో వేరుసెనగ చెక్క కలిపాము. పొర్లాడడానికి ఒక మూల మెత్తటి మట్టీ బూడిదా పోశాము. దాక్కోవడానికి ఒక పలకను గోడకు వాల్చాము. పది రోజుల తరువాత, చీకటి పడ్డాక, చుక్కలపెట్టను తీసుకువెళ్లి కర్రమీద కూర్చోబెట్టింది అమ్మ. తెల్లవారి రెండు పోట్లు తిన్నది, అంతే. ఇప్పుడు అది వరసలో కడపటిదే. కాని కడుపునిండా తింటున్నది, గుడ్డు పెడుతున్నది.

అమ్మ వూరు పోయే మాట మళ్లీ యెత్తలేదు. సెలవుల్లో నాలుగు రోజులు వెళ్లివద్దామని నేనంటే, "కోళ్లను యెవరు చూస్తారురా?" అంటున్నది.

పెరట్లో నాలుగు పెట్టలను పెంచుకునే సోదరీమణులకు నాదొక్కటే మనవి. గూట్లో తగాదా వస్తే ముందు కత్తిపీట వంక చూడకండి. సాయంకాలం పావుగంట గూటివంక చూడండి. యెవరు యెక్కడ పడుకుంటున్నారో, యెవరు తినకుండా నిలబడుతున్నారో ఆ పావుగంటలో తెలుస్తుంది. ఆ తరువాత కావలసింది ఒక కర్ర, ఒక పెట్టె, ఇంకొక తొట్టె మాత్రమే.